రంగుల బీరువాని వెనక నుంచి చదవండి: యూరప్, ఒట్టోమన్ పాత వస్తువులు కొనేవారికి సమగ్ర మార్గదర్శి

మ్యూనిక్ వచ్చిన రెండో ఏడు ఒక బీరువా కొన్నాను. రెండు తలుపులు, ఒక్కో తలుపులో పైనొకటి కిందొకటి పలకలు, నీలం నేల మీద ఎర్ర గులాబీ గుత్తులు, పై అంచున 1794 అనే అంకెలు. చూడగానే మనసు పారేసుకున్నాను. అమ్మినాయన మంచి మాటకారి. తలుపులు తెరిచాను, మూశాను, పూలు చూశాను, అంకెలు చూశాను, డబ్బు ఇచ్చేశాను. వెనక్కి తిప్పి చూడాలన్న ఆలోచనే రాలేదు.

ఆరు నెలల తర్వాత ఒక కీలు వదులైంది. పాత సామాను బాగుచేసే పెద్దాయన ఒకరిని ఇంటికి పిలిచాను. ఆయన కీలు సంగతి పక్కనపెట్టి, తలుపు మీద ఒక గులాబీకి టార్చి ఆనించి నన్ను దగ్గరికి రమ్మన్నారు. రేకు మధ్యలో గుండుసూది తలంత పురుగు కన్నం. ఆ కన్నం లోపలి గోడకి కూడా ఎర్ర రంగు అంటుకుని ఉంది. "పురుగు ముందొచ్చిందా, రంగు ముందొచ్చిందా?" అన్నారు. ఇంకేం చెప్పాలి! చెక్క నిజంగానే పాతది. రంగు మాత్రం మొన్నమొన్నటిది. ఎవరో ఒకప్పుడు ఘాటైన క్షారంలో ముంచి అసలు రంగు మొత్తం ఊడగొట్టిన బీరువా మీద కొత్తగా పూలు వేసి, పాత సంవత్సరం రాశారు.

ఆ రోజు నుంచి నేను ఏ పాత వస్తువునైనా వెనక నుంచి, అడుగు నుంచి, లోపలి నుంచి చూస్తాను. అందంగా కనబడాలని చేసిన వైపుకి ఆఖర్న వస్తాను. కింద రాసిందంతా ఆ అలవాటే, వివరంగా.

ముందు కన్ను తయారు చేసుకోండి

కొనడానికి కనీసం మూడు నెలల ముందు చూడటం మొదలుపెట్టండి. అసలైనవి వంద చూసిన కంటికి నకిలీ ఎక్కడో గుచ్చుకుంటుంది, కారణం తర్వాత తెలుస్తుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఇది పెద్ద ఖర్చు కాదు. మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ కుర్చీలు, బల్లలు, గాజు, పింగాణీ, గడియారాలు ఉన్నాయి. అందరూ బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా దగ్గర, గంట కొట్టే గడియారం దగ్గర గుమిగూడి వెళ్లిపోతారు. మీరు ఫ్రెంచి సామాను ముందు ఆగి కాళ్లు చూడండి, బంగారు పూత ఏ మూలల్లో అరిగిందో చూడండి, చెక్క పలకల మధ్య సందులు చూడండి.

జర్మనీలో ఉంటే మ్యూనిక్‌లోని బవేరియన్ నేషనల్ మ్యూజియం. ఒట్టోమన్, అంటే టర్కీ సుల్తానుల కాలపు రంగుల చెక్క పని చూడాలంటే రెండు గదులు గుర్తుపెట్టుకోండి. ఒకటి బెర్లిన్ పెర్గమాన్ మ్యూజియంలోని అలెప్పో గది. 1600 ప్రాంతంలో సిరియాలోని అలెప్పోలో ఒక క్రైస్తవ వ్యాపారి ఇంటి గోడలకి వేసిన రంగుల చెక్క పలకలు అవి. ఆ మ్యూజియాన్ని 2023 అక్టోబరులో మరమ్మతుల కోసం మూశారు కాబట్టి టికెట్ తీసుకునే ముందు విచారించుకోండి. రెండోది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని డమాస్కస్ గది, 1707 నాటిది. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఒక ఆదివారం దానికోసం కేటాయించొచ్చు.

ఏది ఎక్కడిదో తెలుసుకోండి

ఆల్ప్స్ పర్వతాల చుట్టూ ఉన్న బవేరియా, టిరోల్, ఎగువ ఆస్ట్రియా పల్లెల్లో 17 నుంచి 19వ శతాబ్దం దాకా పెళ్లికూతురికి రంగుల బీరువా, భోషాణం ఇచ్చి పంపేవారు. అక్కడ బీరువాని కాస్టెన్ అంటారు, భోషాణాన్ని ట్రూహె అంటారు. మన సారె పెట్టె లాంటిదే. పెళ్లికూతురి పేరు, పెళ్లి సంవత్సరం దాని మీదే రాసేవారు. చెక్క ఖరీదైంది కాదు, కొండల్లో దొరికే స్ప్రూస్, ఫిర్ లాంటి మెత్తని చెక్క. ధనవంతుల ఇళ్లలో వాల్‌నట్ చెక్క మీద చెక్కుడు పని ఉంటే, రైతు ఇంట్లో ఆ చెక్క గీతల్నే రంగుతో వేసేవారు. మ్యూనిక్‌కి దక్షిణాన ఈజార్ నది ఒడ్డున ఉన్న బాడ్ టోల్జ్ దీనికి పేరున్న ఊరు. అక్కడి బీరువాలని తెప్పల మీద వేసి నది వెంట కిందికి పంపేవారు. టోల్జ్ గులాబీ అని ఒక గుర్తు కూడా ఉంది.

స్వీడన్ సామాను వేరే లోకం. రాజు మూడో గుస్తావ్ కాలం (1771–1792) నాటి సన్నని కాళ్ల కుర్చీలు, లేత బూడిద రంగు, ముత్యపు తెలుపు. అవి ఇప్పుడు ఫ్యాషన్, కాబట్టి కొత్తవాటికి బూడిద రంగు పూసి అమ్మడం కూడా ఫ్యాషనే.

వెనిస్ పనివాళ్లు 18వ శతాబ్దంలో ఇంకో దారి పట్టారు. చైనా, జపాన్ లక్క సామానంటే అక్కడ మోజు. ఆ చిత్రాలు చేత్తో వేయించుకునే స్తోమత లేనివాళ్ల కోసం అచ్చు బొమ్మల్ని కత్తిరించి, చెక్క మీద అతికించి, రంగులద్ది, మీద వార్నిష్ పొరలు పూసేవారు. బస్సానో ఊళ్లోని రెమొందీని అచ్చుశాల ఇందుకోసం బొమ్మలు అచ్చువేసేది. భూతద్దం పెట్టి చూస్తే పూల అంచు దగ్గర కాగితం మందం మెట్టులా తెలుస్తుంది, అచ్చు గీతలు కనబడతాయి. వెనిస్ సామానులో అది దోషం కాదు, అదే దాని జాతకం.

ఒట్టోమన్ వైపు ఎదిర్నే పట్టణం పేరు మీద ఎదిర్నెకారి అనే పని ఉంది. చెక్క పెట్టెల మీద, అరల మీద, పుస్తకాల అట్టల మీద ప్రకాశమైన పూలు వేసి వార్నిష్ చేసేవారు. డమాస్కస్, అలెప్పోల్లో అజమీ అనే పద్ధతి. జిప్సం, జంతు జిగురు కలిపిన ముద్దతో పూలు, తీగలు చెక్క మీద ఉబ్బెత్తుగా పోసి, కొన్ని చోట్ల తగరపు రేకు అంటించి, దాని మీద పారదర్శకమైన రంగు పూస్తారు. తంజావూరు చిత్రంలో సుద్ద ముద్దతో నగలు ఉబ్బెత్తుగా చేయడం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

సంచిలో ఏం పెట్టుకోవాలి

చిన్న టార్చి, పదింతలు పెద్దది చేసే భూతద్దం, కొలత టేపు, అయస్కాంతం, అతినీలలోహిత (UV) కాంతి ఇచ్చే చిన్న టార్చి, మెత్తని గుడ్డ, రెండు నల్ల కాగితాలు. చేతి గోళ్లు శుభ్రంగా ఉండాలి, ఉంగరాలు తీసేయండి. ఒక ఉంగరం గీత పడితే మీరు కొనకపోయినా ఆ వస్తువుకి మీరు చేసిన అపకారం అది.

వెనక నుంచి మొదలుపెట్టండి

అమ్మేవారిని అడిగి బీరువాని గోడ నుంచి జరిపించండి. జరపనంటే ఆ బీరువా అక్కడే వదిలేయండి.

వెనక చెక్కల మీద కళ్లు మూసుకుని అరచేత్తో అడ్డంగా నిమరండి. చేత్తో చిత్రిక పట్టిన చెక్క నీటి అలల్లా చిన్న చిన్న పల్లాలుగా తగులుతుంది. ఎందుకంటే మొదటి దఫా చిత్రిక పట్టే రందా బ్లేడు అంచు కాస్త వంపుగా ఉంటుంది. టార్చిని చెక్కకి పక్కగా ఆనించి వెలుతురు వేస్తే ఆ పల్లాలు నీడలుగా కనబడతాయి. మెషీన్ మీద పోయిన చెక్క అద్దంలా సమంగా ఉంటుంది, లేదంటే పక్కపక్కనే ఒకే కొలతలో సన్నని గీతలుంటాయి. రంపం జాడలు కూడా చూడండి. నిలువు గీతలైతే చేతి రంపమో నీటి మిల్లు రంపమో. విల్లులా వంగిన గీతలైతే గుండ్రటి రంపం, అది 19వ శతాబ్దం నడిమి దాకా పల్లెల్లో మామూలు కాదు. 1750 అని చెప్పే బీరువా వెనక వంపు గీతలుంటే ప్రశ్న అడగాలి.

తర్వాత మేకులు. కమ్మరి కొట్టిన మేకు నలుపలకగా ఉండి కిందికి సన్నబడుతుంది, తల మీద సుత్తి దెబ్బలుంటాయి. గుండ్రటి తీగ మేకులు 19వ శతాబ్దం చివరి భాగంలో మామూలయ్యాయి. స్క్రూ ఒకటి విప్పనిస్తే ఇంకా మంచిది. 1840ల ముందు స్క్రూల మొన మొద్దుగా ఉంటుంది, తల మీద గాడి మధ్యలో కాకుండా పక్కకి ఉంటుంది. ప్లస్ గుర్తు స్క్రూ అయితే 1930ల తర్వాతిది. ఒక్క కొత్త స్క్రూ చూసి మొత్తం నకిలీ అనకండి, రెండు వందల ఏళ్లలో ఎవరో ఒకరు మరమ్మతు చేసే ఉంటారు. ఆ స్క్రూ పక్కన పాత కన్నం ఖాళీగా ఉందా, దాని చుట్టూ తుప్పు మరక ఉందా చూడండి.

పుచ్చు కన్నాలు చెప్పే కథ ఇంకా గొప్పది. యూరప్‌లో సామాను తినే పురుగు బయటికొచ్చే కన్నం గుండ్రంగా, ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పుతో ఉంటుంది. లోపల సొరంగాలు చెక్క పొడుగునా పాకుతాయి. చెక్క పైన కన్నాలు కాకుండా తెరిచిన కాలవల్లా పొడుగాటి గాళ్లు కనబడితే, పుచ్చు పట్టిన పాత చెక్కని తర్వాత కోసి కొత్త వస్తువు చేశారన్నమాట. ఏ పనివాడూ మొదట్లో పుచ్చు చెక్కతో పెళ్లి బీరువా చేయడు.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది. చెక్క ఏళ్ల తరబడి అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడుగులో దాదాపు మారదు. తలుపు చట్రం గాడిలో వదులుగా కూర్చోబెట్టిన పలక కుంచించినప్పుడు, గాడి లోపల దాగి ఉన్న అంచు బయటికొస్తుంది. అసలు రంగు వేసిన రోజున ఆ అంచు గాడిలోనే ఉంది కాబట్టి దానికి రంగు ఉండదు. నిజంగా పాత బీరువాలో పలక పక్కన రెండు మూడు మిల్లీమీటర్ల రంగు పడని చెక్క పట్టీ నిలువుగా కనబడుతుంది. నా మొదటి బీరువాలో ఆ పట్టీ మీద కూడా నీలం నిండుగా ఉంది. కళ్ల ముందే ఉంది, నేనే చూడలేదు.

ఇప్పుడు ముందు వైపు, రంగు

అరుగుదల ఎక్కడుందో చూసి, మీరే ఆ బీరువా వాడుతున్నట్టు ఊహించుకోండి. తాళం పక్కన చెయ్యి ఎక్కడ పడుతుంది? అడుగున చీపురు, నీళ్ల గుడ్డ ఎక్కడ తగులుతాయి? తలుపు మూసేటప్పుడు మోకాలు ఎక్కడ ఆనుతుంది? అసలు అరుగుదల అక్కడే ఉంటుంది, మెల్లగా మసకబారుతూ ఉంటుంది. ఉప్పు కాగితంతో రుద్ది చేసిన పాతదనం అన్ని అంచులకీ సమానంగా ఉంటుంది, చెయ్యి తగలని పై అంచుకి కూడా.

రంగులకి పుట్టిన తేదీలుంటాయి. ప్రష్యన్ నీలం బెర్లిన్‌లో 1700ల మొదటి పదేళ్లలో దొరికింది. కృత్రిమ అల్ట్రామెరీన్ 1820ల చివర్లో వచ్చింది. టైటానియం తెలుపు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత గానీ మార్కెట్లోకి రాలేదు. చీకట్లో అతినీల టార్చి వేస్తే ఇవి వేరువేరుగా పలుకుతాయి. పాత సహజ వార్నిష్ పాలిపోయిన ఆకుపచ్చగా మెరుస్తుంది, లక్క నారింజ రంగులో వెలుగుతుంది, మీద తర్వాత చేసిన దిద్దుబాట్లు నల్లని మచ్చల్లా కనబడతాయి. టైటానియం తెలుపు కూడా నల్లగానే ఉంటుంది. ఈ టార్చి ఒక్కటీ తీర్పు చెప్పదు, అనుమానం ఎక్కడ పెట్టుకోవాలో చూపిస్తుంది. ఖరీదైన వస్తువైతే నిపుణులతో రంగు నమూనా పరీక్ష చేయించాలి.

ఒక జాగ్రత్త. మెరిసే పచ్చ రంగు ఎక్కువగా ఉన్న 19వ శతాబ్దపు సామానుని ఒట్టి చేతులతో గీకకండి. 1814లో బవేరియాలోని ష్వైన్‌ఫుర్ట్‌లో తయారీ మొదలైన పచ్చ రంగులో ఆర్సెనిక్ ఉంటుంది. పాత తెలుపులో సీసం ఉంటుంది. పొడి రాలుతున్న రంగుల బీరువాని చిన్నపిల్లల గదిలో పెట్టొద్దు. చూసి వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఆఖర్న తలుపు తెరిచి లోపల ముఖం పెట్టి వాసన చూడండి. ఈ మాట చదివి నవ్వొద్దు. పాత మెత్తని చెక్కకి ఎండిన గడ్డి, మైనం, బట్టలు కలిసిన వాసన ఉంటుంది. కొత్త వార్నిష్, టీ నీళ్లతో చేసిన మరక, తారు పూత వెంటనే ముక్కుకి తెలుస్తాయి. లోపల అంటించిన పాత కాగితాలు, పెన్సిల్‌తో వేసిన వడ్రంగి గుర్తులు కనబడితే ఫోటో తీసుకోండి. ఈ బీరువాలని విడదీసి మోసుకెళ్లేలా చేసేవారు కాబట్టి ఏ పలక ఎక్కడికి అని గీతలు, అంకెలు లోపల వేసి ఉండొచ్చు. ఆ గుర్తులు ఒకదానికొకటి సరిపోతున్నాయా చూడండి. రెండు బీరువాల ముక్కలు కలిపి ఒకటి చేసి అమ్మడం ఎప్పుడూ ఉన్నదే.

ఒట్టోమన్ వస్తువులు: వెండి, రాగి, పలక, గాజు

మన హైదరాబాద్‌కి ఈ లోకంతో బంధుత్వం ఉంది. చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మెజీద్ కూతురు దుర్రుషెహ్వార్‌ని, ఒట్టోమన్ వంశానికే చెందిన నీలోఫర్‌ని నిజాం కొడుకులకి ఇచ్చి 1931లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో పెళ్లి చేశారు. నీలోఫర్ ఆసుపత్రి పేరు ఆమెదే. అందుకేనేమో ఒట్టోమన్ వస్తువుల పేర్లు చాలావరకు మనకి తెలిసినట్టే వినబడతాయి. పన్నీరు చల్లే బుడ్డి గులాబ్‌దాన్, ధూపం వేసేది బుహుర్‌దాన్, చేతులు కడిగే నీళ్ల చెంబు ఇబ్రిక్, పిడి లేని కాఫీ కప్పుకి పట్టుకునే లోహపు తొడుగు జర్ఫ్. పెళ్లిలో పన్నీరుబుడ్డి పట్టుకుని గుమ్మంలో నిలబడిన చెయ్యికి ఇస్తాంబుల్ గులాబ్‌దాన్ కొత్తగా ఉండదు.

వెండి దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే వెండి మీద సంతకం ఉంటుంది. సుల్తాన్ ముద్ర తుగ్రా, దాని పక్కన సరి అని అర్థం వచ్చే సహ్ అనే చిన్న ముద్ర, ఇంకా వంకరటింకరగా పాకిన ఒక సన్నని గీత. ఆ గీత పరీక్ష కోసం లోహం కొంచెం గీరిన జాడ. తుగ్రా ఎవరిదో తెలిస్తే కాలం తెలుస్తుంది: మూడో సెలీమ్ 1789–1807, రెండో మహ్మూద్ 1808–1839, అబ్దుల్ మెజీద్ 1839–1861, అబ్దుల్ అజీజ్ 1861–1876, రెండో అబ్దుల్ హమీద్ 1876–1909. అబ్దుల్ హమీద్ తుగ్రా కుడి పక్క పైన అల్ గాజీ అనే బిరుదు ఉంటుంది, ఉర్దూ చదవగలిగినవారు దాన్ని సులువుగా పట్టేస్తారు. ముద్ర నిజంగా కొట్టినదైతే అంచులు పదునుగా ఉంటాయి, పలుచని వస్తువైతే లోపలి వైపు కాస్త ఉబ్బు తగులుతుంది. పోత పోసిన నకలులో ముద్ర మెత్తగా, కరిగినట్టుగా ఉంటుంది, వంకర గీత కూడా పోతలోనే వచ్చి ఉంటుంది.

తోంబాక్ అంటే బంగారు పూత వేసిన రాగి. బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్ద చేసి, రాగి మీద పూసి కాల్చేవారు. పాదరసం ఆవిరై బంగారం మిగిలేది, ఆ పొగ పీల్చిన పనివాళ్ల ఆరోగ్యం పోయేది. ఈ పూత మందంగా, వెచ్చటి పసుపుతో ఉంటుంది. చెంబు పిడి, మూత బొడిపె, కడుపు ఉబ్బు దగ్గర అరిగి కింద ఎర్రటి రాగి మెల్లగా బయటపడుతుంది. కరెంటుతో పూత వేయడం 1840లో మొదలైంది. అది పలుచగా, ఒకే రంగులో, గాళ్ల లోపల కూడా ఒకేలా ఉంటుంది. తోంబాక్ అని చూపిస్తే ముందు అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే లోపల ఇనుము, మాట్లాడేదేమీ లేదు.

టర్కీలోని ఇజ్నిక్ ఊరి పింగాణీ గురించి ఒక్కటే చెబుతాను, దాన్ని వేలితో నేర్చుకోవాలి. 16వ శతాబ్దం రెండో సగంలో అది శిఖరం మీద ఉంది. తెల్లటి నేల మీద నీలం, పచ్చ, ఆకాశపు నీలం, వాటి మధ్యలో టమాటా ఎరుపు. ఆ ఎరుపు ఇనుము ఎక్కువున్న మట్టి. దాన్ని మందంగా వేస్తేనే రంగు నిలుస్తుంది, అందుకే కాల్చాక కూడా పూరేకు మెరుపు పొర కింద ఉబ్బెత్తుగా ఉంటుంది. 1550ల్లో కట్టిన ఇస్తాంబుల్ సులేమానియే మసీదు పలకల్లో ఈ ఎరుపు మొదటిసారి మెరిసింది. కొద్ది ఏళ్ల తర్వాతి రుస్తుం పాషా మసీదులో గోడలంతా తులిప్, కార్నేషన్ పూలే. 17వ శతాబ్దంలో ఆ ఎరుపు గోధుమ రంగులోకి జారింది, తెలుపు మురికైంది. తర్వాత కుతాహ్యా ఊరు ఆ పనిని అందుకుంది. 19వ శతాబ్దంలో పారిస్‌లో సామ్సన్, ఫ్లారెన్స్‌లో కాంతగల్లి లాంటివాళ్లు ఇజ్నిక్ నకళ్లు చేశారు. అవి కూడా ఇప్పుడు పాతవే, వాటిని వాటి పేరుతో కొంటే తప్పులేదు. అసలు ఇజ్నిక్ పలక ఒంటరిగా, వెనక గచ్చు అంటుకుని, ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం లేకుండా కనబడితే ముట్టుకోకండి. అది ఏదో గోడ నుంచి పెకిలించినది కావొచ్చు.

గాజులో చష్మె బుల్‌బుల్ ఉంది. బుల్‌బుల్ పిట్ట కన్ను అని అర్థం. తెలుపు, నీలం గాజు కడ్డీలని వేడి గాజులో పెట్టి మెలితిప్పుతూ ఊదితే చారలు సుడిలా చుట్టుకుంటాయి. బాస్ఫరస్ ఒడ్డున బేకోజ్ దీనికి ప్రసిద్ధి. ఇప్పుడు ఇదే రకం కొత్తగా కూడా తయారవుతోంది. అడుగున పనివాడు పట్టుకునే ఇనుప కడ్డీ విరిచిన మచ్చ, నిలబెట్టే వలయం మీద సన్నని గీతల అరుగుదల చూడండి. ఆ గీతలు అన్ని దిక్కులకీ, ఒకదానిమీదొకటి ఉండాలి. ఒకే దిక్కుగా ఉంటే ఎవరో రుద్దారు.

రెండు లోకాలు కలిసే వస్తువులంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. లండన్ గడియారాల వాళ్లు 18వ శతాబ్దంలో ఒట్టోమన్ మార్కెట్ కోసం అరబ్బీ లిపి అంకెలతో గడియారాలు చేశారు, మైసెన్ పింగాణీ వాళ్లు పిడి లేని బుల్లి కప్పులు పంపారు, బొహీమియా గాజువాళ్లు హుక్కా బుడ్లు పంపారు. వాటిని యూరప్ వస్తువు అనాలో ఒట్టోమన్ వస్తువు అనాలో తేల్చాల్సిన పనిలేదు. ఎవరు చేశారు, ఎవరి కోసం చేశారు అన్న రెండు మాటలూ బిల్లులో రాయించుకోండి.

కొనకూడనివి, చట్టాలు

టర్కీలో 1983 నాటి 2863 నంబర్ చట్టం ప్రకారం పురావస్తువులు దేశం దాటించడం నేరం. ఇస్తాంబుల్ చుకుర్జుమా వీధుల్లో, హోర్‌హోర్ బజారులో, గ్రాండ్ బజార్ నడిమి బెదెస్తెన్ అనే పాత హాలులో తిరగండి, చూడండి, చాయ్ తాగుతూ మాట్లాడండి. కానీ పాతదిగా కనబడే ఏ వస్తువైనా అది పురావస్తువు కాదని మ్యూజియం అధికారుల నుంచి పత్రం లేకుండా సూట్‌కేసులో పెట్టుకోకండి. విమానాశ్రయంలో ఆపితే "షాపు ఆయన పరవాలేదన్నాడు" అనే మాట పనికిరాదు. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

తాబేటి చిప్ప, ఏనుగు దంతం పొదిగిన పెట్టెలు, బల్లలు ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. ముత్యపు చిప్ప పొదిగినవి వేరు, అవి ఫరవాలేదు. కానీ ఒట్టోమన్ పనిలో రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి టార్చి వేసి చూడాలి. తాబేటి చిప్ప వెలుతురులో తేనె రంగు, గోధుమ రంగు మచ్చలతో మెరుస్తుంది. దాన్ని సరిహద్దు దాటించడం మీద అంతర్జాతీయ ఒప్పందం ఉంది, మన వన్యప్రాణి చట్టం కూడా ఒప్పుకోదు.

యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి పంపేటప్పుడు వంద ఏళ్లు దాటిన ఫర్నిచర్ విలువ 50,000 యూరోలు మించితే ఎగుమతి అనుమతి కావాలి. మామూలు పల్లె బీరువాకి ఆ బాధ లేదు. పురావస్తు తవ్వకాల్లో దొరికినవాటికి విలువతో పనిలేదు, అవి అసలు మన జోలి కాదు. యూనియన్ లోపలికి తెచ్చే పాత కళావస్తువులకి 2025 జూన్ 28 నుంచి కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి, కాబట్టి ఒట్టోమన్ వస్తువు అమ్మేవారిని అది ఎప్పుడు, ఎలా అక్కడికి చేరిందో అడగడం మీ హక్కు.

ఎక్కడ కొనాలి, ఏం రాయించుకోవాలి

మ్యూనిక్‌లో ఏడాదికి మూడుసార్లు జరిగే ఔవర్ డుల్ట్ సంత, ఇటలీలో అరెజ్జో ఊళ్లో నెలనెలా జరిగే సంత, పారిస్ పక్కన సెంటువాన్, వియన్నాలో శనివారాల నాష్‌మార్క్ట్. వేలం అంటే వియన్నాలోని డొరోథియం 1707 నుంచి ఉంది. వేలంలో పాట ముగిసిన ధరకి పైన వేలం సంస్థ రుసుము ఉంటుంది, చాలాచోట్ల 20 నుంచి 30 శాతం దాకా. అది కలుపుకుని మీ గరిష్ఠ ధర ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి.

బేరంలో వస్తువుని కించపరచకండి. మీరు చూసినవి చెప్పండి: "ఈ తలుపు కీలు కొత్తది, అడుగు పలక మార్చారు, రంగు ఇక్కడ దిద్దారు." అమ్మేవారికి మీ కన్ను అర్థమైతే ధర తనంతట తనే దిగుతుంది. బిల్లులో "18వ శతాబ్దపు శైలిలో" అని కాకుండా "18వ శతాబ్దం చివర, రంగు అసలుది, అడుగు పలక తర్వాతిది" అని రాయమని అడగండి. మొదటి మాటకి ఏ బాధ్యతా లేదు. రెండో మాట రాయడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

ఇంటికి తెచ్చుకోవడం

ఇండియాకి పాత సామాను దిగుమతి మీద ఆంక్షలున్నాయి. శాశ్వతంగా తిరిగి వచ్చేవారి ఇంటి సామాను కింద తేవడం ఒక దారి. ఏదైనా కొనకముందే కస్టమ్స్ ఏజెంట్‌తో మాట్లాడండి. వచ్చాక దిగుమతి కాగితాలు భద్రంగా దాచండి. మన 1972 చట్టం వంద ఏళ్లు దాటిన కళావస్తువుని పురావస్తువుగా లెక్కిస్తుంది, రేపు మళ్లీ బయటికి తీసుకెళ్లాలంటే ఆ కాగితాలే దిక్కు. ప్యాకింగ్ చెక్కపెట్టెకి వేడి చికిత్స చేసిన ముద్ర ఉండాలి, అంటే చెక్క నడిమిని 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచినట్టు. ఇది పెట్టెకి మాత్రమే. బీరువాని అలా వేడి చేస్తే రంగు పొరలుగా లేస్తుంది.

మీ అపార్ట్‌మెంట్ లిఫ్టు కొలత ముందే తీసుకోండి. ఆల్ప్స్ బీరువాలు చాలావరకు విడిపోతాయి: పై కిరీటం లేస్తుంది, చీలలు లాగితే పక్కలు వస్తాయి. విడదీసేటప్పుడు ప్రతి ముక్కకీ కాగితం చీటీ దారంతో కట్టండి, టేపు అంటించొద్దు. టేపు తీస్తే రంగు దాంతో వచ్చేస్తుంది.

ఇంట్లో ఎలా చూసుకోవాలి

మ్యూనిక్‌లో చలికాలం హీటర్ గాలి చెక్కని ఎండబెడుతుంది. విశాఖలో సముద్రపు తేమ ఉబ్బిస్తుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్ ఎండ, జులై వాన, మధ్యలో ఏసీ, మూడూ కలిసి చెక్కని లాగిపీకుతాయి. తేమ ఎక్కువ తక్కువల కన్నా అది గబుక్కున మారడమే రంగుకి శత్రువు. గదిలో చిన్న తేమ కొలిచే పరికరం పెట్టండి, 45 నుంచి 60 శాతం మధ్య నిలకడగా ఉంటే చాలు. ఏసీ గాలి నేరుగా తగలకూడదు, కిటికీ ఎండ అసలు తగలకూడదు.

రంగు మీద తడిగుడ్డ వద్దు. చాలా పల్లె బీరువాల రంగు పాల ప్రోటీన్‌తోనో జిగురుతోనో కలిపినది. జిగురు రంగైతే ఒక్కసారి తుడిస్తే పూరేకు గుడ్డకి వస్తుంది. మెత్తని కుంచెతో దుమ్ము పైనుంచి కిందికి దులపండి, అంతే. కొబ్బరినూనె, వేపనూనె, కిరోసిన్ ఏదీ పూయకండి. రంగు పెచ్చులు లేస్తే జిగురు పెట్టి మీరే అంటించకండి, వారసత్వ సంపదని కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్ల పరిరక్షణ కేంద్రాలు కొన్ని నగరాల్లో ఉన్నాయి, వాళ్లని అడగండి.

తోంబాక్ చెంబుని చింతపండు పెట్టి తోమకండి. మన ఇత్తడి బిందెలకి అది వందల ఏళ్ల అలవాటు, కానీ ఇక్కడ పుల్లదనం, రాపిడి కలిసి బంగారాన్ని తీసేస్తాయి. మిగిలేది రాగి చెంబు. పొడి మెత్తని గుడ్డ చాలు. వెండి మీద నల్లదనం గాళ్లలో ఉండనివ్వండి, చెక్కడపు పని దానివల్లే కనబడుతుంది.

బీరువాని గోడకి ఆనించకుండా ఐదు సెంటీమీటర్లు వదిలి పెట్టండి, వెనక గాలి ఆడాలి. మన దగ్గర చెదలు నేల నుంచి, గోడ నుంచి వస్తాయి కాబట్టి కాళ్ల కింద చిన్న రాతి ముక్కలు పెట్టడం మంచిది. మార్చి నుంచి వానలు వెనకబట్టేదాకా నెలకోసారి కాళ్ల దగ్గర, అరల కింద నల్ల కాగితం పరిచి వారం ఉంచండి. కాగితం మీద లేత పసుపు పిండి లాంటి పొడి కనబడితే పురుగు ఇంకా బతికే ఉందన్నమాట. మందు కొట్టకండి, రంగు పాడవుతుంది. ఆ ముక్కని ప్లాస్టిక్‌లో గట్టిగా చుట్టి మిగతా చెక్క సామానుకి దూరంగా పెట్టి, గడ్డకట్టించే పద్ధతో, ఆక్సిజన్ తీసేసే పద్ధతో తెలిసిన పరిరక్షకుల్ని పిలవండి. వాళ్లు వచ్చే లోపల ఆ పొడిని చిన్న కవర్లో తీసి, ఏ కన్నం కింద దొరికిందో దాని మీద రాసి పెట్టండి.